గుర్రం రాయి బరువు

పింగళదుర్గాన్ని తూర్పు దిక్కు నుంచి చూసినవాళ్ళు అది కొండ మీద కట్టిన కోట అనేవారు. పడమటి దిక్కు నుంచి చూసినవాళ్ళు కాదు, కోటలోంచి మొలిచిన కొండ అనేవారు. ఈ తగాదా తరతరాలుగా నడుస్తున్నా తేలలేదు, తేల్చాలని ఎవరికీ తొందరా లేదు. ఏ దిక్కు నుంచి చూసినా కోట అందం అందమే. పసిడి వన్నె రాతితో లేచిన ఏడు ప్రాకారాలు, ప్రతి ప్రాకారానికీ కంచు తలుపులు, తలుపుల మీద పంజా ఎత్తిన సింహాలు, ఆ సింహాల నోళ్ళలో వేలాడుతూ గాలి తగిలితే చాలు గలగలమనే గంటలు. ఏడో ప్రాకారం లోపల, రత్నకంబళాలు పరిచిన మంటపాల నడుమ, ఆ రాజ్యానికి ప్రాణం అనదగిన ముష్టియుద్ధాల గోదా ఉంది. పింగళదుర్గంలో దేవుడికన్నా గోదాకే మొక్కులు ఎక్కువ.

ఆ ఉదయం గోదా పక్కన, బరువు తూచే వరసలో, భుజాన గొంగడి వేసుకుని నిలబడినవాణ్ణి అందరూ గొర్రెలకాపరి సింగడనే అనుకుంటున్నారు. అతను మందారపురి చిన్న యువరాజు మణికేతుడని ఆ కోటలో ఒక్క మనిషికే తెలుసు. ఆ మనిషి గరిడీ తిమ్మక్క.

మణికేతుడు వేషం మార్చడంలో ఘనుడే కాని మాట మార్చడంలో కాదు. నెల కిందట తిమ్మక్క గరిడీలో చేరిన మొదటి పూట ఆమె గంజి పోస్తే రెండు చేతులూ జోడించి "ధన్యుణ్ణి" అన్నాడు. గొర్రెలు కాసేవాడెవడూ గంజికి ధన్యుడు కాడు. ఆ సాయంత్రమే తిమ్మక్క నిలదీసింది, అతను నిజం చెప్పేశాడు. ముష్టియుద్ధం నేర్పే ఆ గరిడీని ఒకప్పుడు ఆమె భర్త చిన్న కొండయ్య నడిపేవాడు. కిందటేడు పండుగలో తనకన్నా చాలా బరువైనవాడి దెబ్బకు ఒక కన్ను పోయింది, రెండోది మసకబారింది. ఇప్పుడు అరుగు మీద కూర్చుని, పిడికిళ్ళ చప్పుడు విని తప్పులు చెబుతుంటాడు. సాము నేర్పడం తిమ్మక్క పనైంది.

మణికేతుడు చెప్పిన నిజం ఇది. మూడేళ్ళ కిందట అతని అన్న వజ్రకేతుడు దేశాటనకు బయలుదేరి ఈ కోటకు వచ్చి, తూనిక పండుగ పోటీల్లో అందరినీ ఓడించాడు. గోదాలో ఓడినవాడు గెలిచినవాడి కోరిక ఒకటి తీర్చాలి, అందరినీ గెలిచినవాడి కోరిక రాజే తీర్చాలి, అది ఇక్కడి ఆచారం. వజ్రకేతుడు తన కోరిక మర్నాడు చెబుతానన్నాడు. మర్నాటికి మనిషి లేడు. కోరిక కూడా కోరకుండా వెళ్ళిపోయిన పిచ్చివాడని ఊరు రెండు రోజులు నవ్వుకుని మరిచిపోయింది. తమ్ముడు మరవలేదు. అడవులు గాలించి, మంచుకొండ యోగిని కాళ్ళు పట్టుకుంటే ఆమె కళ్ళు మూసుకుని చెప్పింది: అన్న బతికే ఉన్నాడు, రాజగురువు ధూమకంఠుడి మంత్రానికి కట్టుబడి పింగళదుర్గంలోనే ఉన్నాడు, ఈ ఏటి తూనిక పండుగ నాడు పొద్దు గుంకేలోగా విడిపించకపోతే ఇక తిరిగి రాడు.

అన్నదమ్ములిద్దరికీ తల్లి ఇచ్చిన కెంపుటుంగరాలు ఉన్నాయి. ఒకటి దగ్గరికొస్తే రెండోది వెచ్చబడుతుంది. ఆ వెచ్చదనం కోసం మణికేతుడు నెల రోజులు కోటలో అన్ని వీధులూ తిరిగాడు. గుర్రపుసాలలు, నేలమాళిగలు, చివరికి రాజుగారి వంటశాల కూడా చూశాడు. ఉంగరం చల్లగానే ఉంది. పండుగ రానే వచ్చింది. ఇక మిగిలింది ఈ ఒక్క పగలే.

వరస కదిలింది. గోదా ఒడ్డున తూనిక మంటపం తలుపులు ఏడాదికి ఈ ఒక్కనాడే తెరుస్తారు. లోపలినుంచి మూడు రాళ్ళను మేళతాళాలతో తెచ్చి, ఇత్తడి గొలుసుల పెద్ద త్రాసు పక్కన పెడతారు. పొట్టేలు రాయి, గుర్రం రాయి, ఏనుగు రాయి. ఒకప్పుడు వాటి మీద ఆ జంతువుల బొమ్మలు ఉండేవట. ఏటేటా గంధం, సిందూరం, జిగురు కలిపి పూసి, పాత పూత గీకకుండా దాని మీదే కొత్త పూత వేయడం వల్ల ఇప్పుడు మూడూ మూడు ఎర్రటి ముద్దలు. గీకడం మహాపాపం. ఆ రాళ్ళు పుట్టుకతోనే ఎర్రగా ఉన్నాయని పింగళదుర్గం పిల్లలందరూ నమ్ముతారు, పెద్దలు కూడా కాదనరు. పొట్టేలు రాయి దాటి గుర్రం రాయి లోపల తూగినవాళ్ళు పొట్టేళ్ళ జట్టు. గుర్రం రాయి దాటినవాళ్ళు గుర్రాల జట్టు. ఏనుగు రాయి దాటినవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు, వాళ్ళు నడిచొస్తుంటే త్రాసే భయపడుతుంది.

మణికేతుడు పళ్ళెం ఎక్కాడు. పొట్టేలు రాయిని కొద్దిగా దాటాడు. రెండో తూకానికి ఎదుటి పళ్ళెంలోకి గుర్రం రాయిని ఎత్తగానే అతను గాలిలోకి లేచాడు. ఆ లేవడంతోనే చేతి ఉంగరం చురుక్కుమంది.

అతను దిగి, గొంగడి సర్దుకునే నెపంతో అటూ ఇటూ తిరిగి చూశాడు. మంటపం లోపల చల్లన. పొట్టేలు రాయి దగ్గర చల్లన. గుర్రం రాయి దగ్గరికి రాగానే వేలు కాలిపోతోంది. అన్న ఆ రాయి కింద ఉన్నాడా, వెనక ఉన్నాడా? రాయి కింద గచ్చు, వెనక ఖాళీ. అన్న రాయిలోనే ఉన్నాడు. వేల మంది చూస్తుండగా, గంధం పూయించుకుంటూ, మూడేళ్ళుగా అక్కడే కూర్చుని ఉన్నాడు. కాని రాజుగారి ఎదుట, కాపలా భటుల ఎదుట, ఒక గొర్రెలకాపరి పవిత్రమైన రాయి మీద చెయ్యి వేస్తే ఆ చెయ్యి ఉండదు.

సరిగ్గా అప్పుడే తిమ్మక్క రాజుగారి ముందుకు నడిచింది.

కుముదవర్మ మహారాజు చాలా మంచివాడు. ఎవరు ఏమన్నా "నిజమే" అనేవాడు. దానికి ఎదురుగా ఇంకొకరు ఇంకొకటి అంటే "అదీ నిజమే" అనేవాడు. ఆయన సింహాసనం ఎక్కిన నాటి నుంచి ఆ రాజ్యంలో తీర్పులు తక్కువ, విందులు ఎక్కువ. ఆయన కుడిపక్కన రాజగురువు, త్రాసుకు అధికారి అయిన ధూమకంఠుడు కూర్చుంటాడు. నల్లటి పట్టుశాలువా, బొజ్జ మీదుగా వేలాడే స్ఫటికమాల, నోరు తెరిస్తే గొంతులోంచి సన్నగా పొగ. అది సాంబ్రాణి నమిలే అలవాటు వల్ల అని ఆయనే చెప్పాడు, అందరూ నమ్మారు. ఆయన గోదా మట్టిని ఎన్నడూ తొక్కలేదు. తొలిరాజు ఏడు నదుల మట్టితో నింపిన ఆ గోదాలో ఏ మంత్రమూ పనిచేయదని పెద్దలు చెబుతారు. మట్టి అంటితే మడి చెడుతుందని ఆయన చెబుతాడు.

తిమ్మక్క చేతులు జోడించింది కాని తల వంచలేదు.

"మహారాజా, పొట్టేలు రాయికీ గుర్రం రాయికీ నడుమ ఊరంత ఎడముంది. ఒక కొసన మా సింగడి లాంటి బక్కోళ్ళు, ఇంకో కొసన కొండల్లాంటోళ్ళు. ఇద్దరూ ఒకే జట్టంటే ఎట్టా? నడుమ ఇంకొక్క రాయి పెట్టించండి. లేడి రాయంటారో, మేక రాయంటారో, పేరు మీ ఇష్టం. మా ఆయన కళ్ళెట్టాగూ తిరిగి రావు. మిగిలినోళ్ళ కళ్ళన్నా నిలబెట్టండి."

రాజుగారు నిజమే అన్నారు. వెంటనే ముసలి మంత్రి లేచాడు. ఇవాళ మేక రాయి అంటారు, రేపు పిల్లి రాయి, ఎల్లుండి ఉడత రాయి అంటారు, జట్టుకొక విజేత చొప్పున వీధికొక విజేత తయారవుతాడు, అప్పుడు గెలిచినవాణ్ణి చూడటానికి ఇంట్లోంచి ఎవరు బయటికొస్తారు అని అడిగాడు. ఆ మాటలో కొంత సబబు లేకపోలేదు. రాజుగారు అదీ నిజమే అన్నారు. సేనాపతి అసలు రెండు రాళ్ళు చాలన్నాడు. వైద్యుడు ఒంటి బరువు కాదు, ఎముక మందం చూడాలన్నాడు. ఆస్థానకవి రాళ్ళ బదులు పువ్వులతో తూయాలన్నాడు, ఆయన్ను కూర్చోబెట్టారు. రాజుగారు అందరికీ నిజమేనని చెప్పి, భోజనం వేళ ఎంత దూరంలో ఉందో పక్కవాణ్ణి అడిగారు.

అప్పుడు ధూమకంఠుడు చిరునవ్వుతో లేచాడు. రాళ్ళ గురించి మాట సాగడమే ఆయనకు ఇష్టం లేదు.

"బరువు అనేది బలహీనుల సాకు మహారాజా. గుండెలో సత్తా ఉన్నవాడికి ఎదుటివాడి తూకంతో పనేమిటి? పొట్టేలు పిలిస్తే ఏనుగు రావాలి, ఏనుగు పిలిస్తే పొట్టేలు రావాలి. గోదాలో నిలబడి తూకం పేరు చెప్పి తప్పుకునేవాడు పింగళదుర్గానికే అవమానం."

మాట గంభీరంగా ఉంది. గంభీరమైన మాటలంటే రాజుగారికి ప్రీతి. ఆయన నిజమే అని ఊరుకోకుండా, ఆ ఊపులో తీర్పు కూడా చెప్పేశారు: ఈ పండుగ నాడు ఎవరు ఎవరినైనా పిలవవచ్చు, గోదాలో ఉన్నవాడు బరువు పేరు చెప్పి తప్పుకోరాదు. దండోరా మోగింది. బక్కవాళ్ళ ముఖాలు వాడిపోయాయి. ఉన్న కాస్త అడ్డూ పోయిందని తిమ్మక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

గుంపులోంచి బండ ఓబన్న వచ్చాడు. రాళ్ళు కొట్టి బతికే ఓబన్న ఎత్తుకు ఎత్తు, లావుకు లావు. కిందటేడు కొండయ్య కన్ను పోగొట్టింది ఇతని పిడికిలే. అప్పటినుంచి రోజూ పొద్దున్నే కొండయ్య ఇంటికి కావడితో నీళ్ళు మోసి పోస్తున్నాడు. తిమ్మక్క వద్దనలేదు, పలకరించనూ లేదు.

"పదేళ్ళు నేను గుర్రాల జట్టులో కొట్లాడినోణ్ణి ప్రభూ" అన్నాడు ఓబన్న, నేల చూస్తూ. "మూడేళ్ళ నుంచి ఈ త్రాసు నన్ను పొట్టేళ్ళలోకి తోస్తాంది. నా తిండి తగ్గలా, నడుం తగ్గలా, మొలతాడు కూడా అదే. నేను తగ్గలేదంటే రాయి పెరిగినట్టే గదా. కొండయ్యన్నను కొట్టింది నేనే, కాదనను. కాని ఆయన ముందు నన్ను నిలబెట్టింది ఆ రాయి. దాని సంగతి చూడండి."

ఓబన్నను అందరి ముందూ తూచారు. అంత మనిషీ గుర్రం రాయికి ఎదురుగా గాలిలోకి లేచాడు. జనంలో గుసగుసలు బయలుదేరాయి. తన తమ్ముడూ అలాగే పొట్టేలయ్యాడని ఒకడు, తన మేనల్లుడి దవడ విరగ్గొట్టినవాడు ముందు గుర్రమేనని ఇంకొకడు చెప్పారు. అదంతా భక్తితో పూసిన గంధం బరువని ధూమకంఠుడు తేల్చేశాడు. అయితే గీకించండి, కొత్త రాయి అక్కర్లేదు, పాత రాయిని పాత బరువుకు తెస్తే చాలు అంది తిమ్మక్క. రాజుగారు నిజమే అన్నారు. ధూమకంఠుడి గొంతులోంచి పొగ దట్టంగా వచ్చింది. గీకడం మహాపాపమని ఆయన గట్టిగా చెప్పాడు. రాజుగారు అదీ నిజమే అన్నారు. కాని ఈసారి జనం ఊరుకోలేదు. ఆ గోల చూసి రాజగురువు మెట్టు దిగి, శాస్త్రంలో ఒక దారి ఉందన్నాడు. పొట్టేళ్ళ జట్టు వాడెవడైనా ఒంటరిగా కొండ మీది పులిగుండం నుంచి ఒక కడవ నీళ్ళు, ధ్వజస్తంభం నీడ మొదట్లోకి చేరే మిట్టమధ్యాహ్నంలోగా తెస్తే, ఆ నీళ్ళతో రాయిని కడగవచ్చు.

పులిగుండం పేరు వినగానే గోల సద్దుమణిగింది. మణికేతుడు గొంగడి తీసి తిమ్మక్క చేతికిచ్చాడు.

"అక్కడికి పోయినోళ్ళు నీళ్ళతో రాలేదు సింగా" అంది తిమ్మక్క మెల్లగా.

"నీళ్ళతో రాలేదా, అసలు రాలేదా అక్కా?"

"రెండూ."

మణికేతుడు నవ్వి, కంచు కడవ వీపుకు కట్టుకుని పరుగెత్తాడు.

కొండదారి మొదలైనచోట తీగలు పందిరి వేసినట్టు అల్లుకుని, నీలిపూలతో, కమ్మని వాసనతో స్వాగతం చెబుతున్నట్టున్నాయి. అతను నాలుగడుగులు వేశాడో లేదో పూలన్నీ ఒక్కసారి పడగలు విప్పాయి. తీగలు పాములై కాళ్ళకు చుట్టుకోబోయాయి. మణికేతుడు ఎగిరి కొమ్మ పట్టుకుని, కొమ్మ నుంచి కొమ్మకు ఊగి పందిరి దాటాడు. అవతల రాతిమెట్లు. కాలు పెట్టిన మెట్టల్లా కిందికి జారిపోతోంది. మెట్టు జారేలోపల పై మెట్టు మీద ఉన్నాడు. బరువైనవాడైతే రెండో మెట్టుతోనే లోయలోకి చేరేవాడు.

పైన పులిగుండం. నాలుగు వైపులా నల్లరాతి గోడలు, నడుమ ఆకాశాన్ని దాచుకున్న చిన్న నీటి మడుగు, ఒడ్డున తామరతూళ్ళ పక్కన పడుకున్న రాతి పులి. మణికేతుడు కడవ ముంచగానే రాతిపులి కళ్ళు తెరిచింది. అది ఒళ్ళు విరుచుకుంటే గుండం ఒడ్డు పగిలింది. మొదటి దూకుడుకు అతను పక్కకు తప్పుకుని, అన్న నేర్పినట్టే ముక్కు మీద కుడి పిడికిలితో ఒక్కటిచ్చాడు. పులికేమీ కాలేదు. పిడికిలి ఎముకల్లో కలుక్కుమంది.

నిలబడి కొట్టడం తెలివితక్కువని అతనికి అర్థమైంది. గోడ మీది నుంచి గుండం పైకి వేలాడుతున్న మర్రి ఊడ ఒకటి కనిపించింది. కడవ వీపుకు తగిలించుకుని, ఎడమచేత్తో ఊడ అందుకుని పాకాడు. కోపం నెత్తికెక్కిన పులి వెనకాలే ఊడ మీదికి ఎగిరింది. మణికేతుణ్ణి మోసిన ఊడ పులిని మోయలేదు. ఊడ తెగే క్షణానికి అతను గోడ అంచు మీద ఉన్నాడు. పులి దభాలున గుండంలో పడి, నల్లటి పొగగా మారి చెదిరిపోయింది.

తిరుగుదారిలో ఆ పొగే గద్దగా మారి కడవను పొడిచింది. కంచుకు చిల్లు పడి నీళ్ళు ధారకట్టాయి. మణికేతుడు పిడికిలికి చుట్టిన నారపట్టీని విప్పి చిల్లులో కుక్కి, కడవను కడుపుకు హత్తుకుని జారుకుంటూ, దూకుతూ కొండ దిగాడు. ధ్వజస్తంభం నీడ ఇంకా బెత్తెడు మిగిలి ఉండగా సగం కడవ నీళ్ళతో గోదా ఒడ్డున కూలబడ్డాడు. అతని కుడిచెయ్యి అప్పటికే బూరెలా పొంగింది. తిమ్మక్క ఆ చెయ్యి చూసింది, అతని ముఖం చూసింది, కడవ అందుకుంది.

గుర్రం రాయిని త్రాసు పళ్ళెంలోనే ఉంచి కడగడం మొదలుపెట్టారు. నీళ్ళు తక్కువ, పూత ఎక్కువ. గుడ్డ తడిపి అద్దడం, నానినంతమేరా కొబ్బరి చిప్పతో మెల్లగా గీకడం. ఇదంతా తిమ్మక్క చేసింది, ఓబన్న గొలుసులు కదలకుండా పట్టుకున్నాడు. పొరలు పొరలుగా ఎర్రటి పెళ్ళలు రాలుతుంటే జనం వాటిని ప్రసాదంలా కళ్ళకద్దుకున్నారు. రాజుగారు భోంచేసి వచ్చారు. నీడలు పొడుగయ్యాయి. ధూమకంఠుడు కదలకుండా పడమటి వైపే చూస్తున్నాడు. పొద్దు గుంకితే చాలు, ఇక ఎవరు ఎంత గీకినా రాయి రాయే.

తిమ్మక్క చేతిలో చిప్ప ఆగింది.

"ఇదేందిది" అంది.

ఎర్రటి పూత కింద నాలుగు చిన్న గుబ్బలు వరసగా కనిపించాయి. ఓబన్న వంగి చూశాడు. జీవితమంతా పిడికిళ్ళ మధ్య గడిపినవాడికి అవేమిటో ఒకరు చెప్పాలా. అవి బిగించిన పిడికిలి కణుపులు. తిమ్మక్క గబగబా తడిపి తుడిచింది. పిడికిలి, దాని వెనక మణికట్టు, మోకాళ్ళ చుట్టూ చుట్టిన చేతులు. ముడుచుకుని కూర్చున్న మనిషి. వేలికి కెంపుటుంగరం. చిటికెనవేలు కొంచెం బయటికి వంగి ఉంది.

మణికేతుడికి ఆ వేలు తెలుసు. అతనికి ముష్టియుద్ధం నేర్పేటప్పుడు అన్న అరచేతులు అడ్డుపెట్టి కొట్టమనేవాడు. ఒకనాడు చిన్నవాడు ఒళ్ళు మరిచి కొట్టిన దెబ్బకు ఆ వేలు విరిగింది. తమ్ముడు ఏడుస్తుంటే అన్న నవ్వి, ఇవాళ్టికి నీకు కొట్టడం వచ్చిందిరా అని భుజం తట్టాడు. ఇప్పుడు ఆ చల్లటి రాతివేలు పట్టుకుని మణికేతుడు అందరి ముందూ ఏడ్చాడు. సిగ్గుపడలేదు. కన్నీళ్ళు తుడుచుకుని తలపాగా విప్పి, తానెవరో, పళ్ళెంలో ఉన్నదెవరో రాజుగారికి చెప్పాడు. పొట్టేళ్ళ జట్టు మూడేళ్ళుగా తన్నులు తిన్నది అసలు రాయి బదులు పెట్టిన తన అన్న బరువు లెక్కనని కూడా చెప్పాడు.

ధూమకంఠుడి పెదవులు అప్పటికే కదులుతున్నాయి. పాదాల చుట్టూ నల్లటి పొగ సుడి తిరిగి మోకాళ్ళ దాకా లేచింది. ఇంకో రెండు మాటలైతే ఆయన అక్కడ ఉండడు. గొలుసులు వదిలి ఓబన్న రెండంగల్లో ఆయన్ను చేరుకున్నాడు. జీవితమంతా బండలు ఎత్తినవాడికి రాజగురువు ఒక లెక్కా? నడుం పట్టి ఎత్తి, మోసుకొచ్చి, గోదా నడుమ దింపాడు. పాదాలు ఏడు నదుల మట్టికి తగలగానే పొగ చప్పున ఆరిపోయింది. ధూమకంఠుడు మంత్రం చదివాడు. మళ్ళీ చదివాడు. ఒక్క దుమ్ము రేణువు కూడా కదల్లేదు.

మణికేతుడు గోదాలోకి దిగాడు.

"మా అన్నను కట్టింది నీ నాలుక. విప్పవలసిందీ అదే" అన్నాడు. "నిన్ను పిలుస్తున్నాను. నేను గెలిస్తే నా ఒక్క కోరిక తీర్చాలి. నేను ఓడితే నన్ను పొట్టేలు రాయి చేసుకో."

ధూమకంఠుడు అతని వాచిన కుడిచేతిని చూశాడు. తన శరీరాన్ని చూసుకున్నాడు. మీద పడితే చాలు, ఈ కుర్రవాడు లేవడు. అంత లావు ఉండీ ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. ఎందుకంటే ఆయన పుట్టిన దగ్గర్నుంచి ఒక్క దెబ్బ కొట్టలేదు, ఒక్క దెబ్బ తినలేదు. పడమట సూర్యుడు ఆరో ప్రాకారం మీదికి ఒరిగాడు. కాసేపు కాలక్షేపం చేయగలిగితే చాలు. అప్పుడు ఆయనకు చిన్నవాళ్ళ మీద ఎన్నడూ లేని జాలి పుట్టుకొచ్చింది.

"మహారాజా, ఇది అధర్మం" అన్నాడు. "నేను ఏనుగుల జట్టు బరువువాణ్ణి. ఇతను పొట్టేలు. జట్టు కానివాణ్ణి కొట్టి పాపం మూటకట్టుకోలేను. ముందు నన్ను తూయించండి. రాళ్ళున్నది అందుకే కదా."

గోదా చుట్టూ వేల కళ్ళు రాజుగారి వైపు తిరిగాయి. కుముదవర్మ మహారాజు అలవాటు కొద్దీ నోరు తెరిచారు. నిజమే అన్న మాట పెదవుల దాకా వచ్చింది. అప్పుడు ఆయన చూపు త్రాసు మీద పడింది. ఒక పళ్ళెం ఖాళీగా గాలిలో ఉంది. రెండో పళ్ళెంలో, సగం ఎరుపు సగం నలుపుగా, పిడికిళ్ళు బిగించి, మోకాళ్ళ మీద తల వాల్చి వజ్రకేతుడు కూర్చుని ఉన్నాడు. తాను మూడు పండుగలు ఆ తలకు స్వయంగా గంధం పూసిన సంగతి రాజుగారికి గుర్తొచ్చింది.

"త్రాసు ఖాళీగా లేదు ఆచార్యా" అన్నారు చివరికి. "అందులో మనిషి ఉన్నాడు. పొద్దున చెప్పిన తీర్పు మారదు."

తిమ్మక్క తన కొంగు చింపి మణికేతుడి ఎడమ పిడికిలికి చుట్టింది. ఓబన్న నగారా మీద దెబ్బ వేశాడు.